ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లు, తెరుచుకోని ఫోల్డరు

నల్లగొండ నుండి ఒక సోదరి రాసిన లేఖ రెండు నెలలుగా మా బల్లపై ఉన్నది. ఎప్పుడో జవాబు ఇవ్వవలసినది. అయితే ఆమె అడిగిన చిక్కు వంటిదే మా ఇంట్లోనూ ఉండి, దానిని మేమే పూర్తిగా విడదీయలేక ఆగిపోయాము. ఇప్పుడు విడిపోయింది గనుక రాస్తున్నాము.

ఆమె లేఖ సారాంశం ఇది. ఇంట్లో రెండు డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఉన్నాయి. పైఅంతస్తులోనిది మామగారిది. ఆయన కొన్ని సంవత్సరాలుగా ఓపికగా కూర్చుని పొలం కాగితాలు, పాత పహాణీ నకళ్లు, పాసుపుస్తకాలు, ఇంటిల్లిపాది నికాహ్‌నామాలు స్కాన్ చేసి అందులో భద్రపరచారు. కింది గదిలోనిది ఇంటర్ చదివే కుమారుడిది. భర్త ఉద్యోగరీత్యా జిద్దాలో ఉంటారు. అక్కడి నుండి ఏదో ఒక కాగితం కావాలని ఫోన్ వచ్చినప్పుడల్లా ఆమె మెట్లెక్కి పైకి వెళ్లి, పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, మళ్లీ కిందికి దిగి పంపుతున్నారు. మామగారికి మోకాళ్ల నొప్పులు వచ్చి కిందికి మారారు. కాగితాలు పైన, వాటి గురించి తెలిసిన మనిషి కింద. "రెండు కంప్యూటర్లకూ ఒకే పేరుగల వైఫై వస్తున్నది కదా, పైదానిలోని ఫోల్డరు కిందిదానిలో ఎందుకు తెరుచుకోదు? విచిత్రమేమంటే, పైనుండి చూస్తే కింది కంప్యూటరు ఫోల్డరు తెరుచుకుంటున్నది. కిందినుండి చూస్తేనే పైది కనిపించడం లేదు. మా వీధి చివర కంప్యూటరు దుకాణం అబ్బాయి ఫైర్‌వాల్ తీసివేయమంటున్నాడు. తీసివేయవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాము. తీసివేయవద్దు సోదరీ. దుకాణం అబ్బాయి దురుద్దేశంతో చెప్పలేదు. ఫోల్డరు తెరుచుకోనప్పుడు అడ్డుగా కనిపించిన ప్రతి గోడనూ పడగొట్టి చూడడం ఈ వృత్తిలో పాతుకుపోయిన అలవాటు. ఫైర్‌వాల్ తీసివేయి, పాస్‌వర్డు తీసివేయి, అందరికీ పూర్తి అధికారం ఇచ్చివేయి, పాత ఎస్ఎంబీని తిరిగి తెరువు. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తగిలి ఫోల్డరు తెరుచుకుంటుంది. ఏది అడ్డుపడిందో ఎవరికీ తెలియదు. నాలుగు తలుపులూ మాత్రం తెరిచే ఉండిపోతాయి. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆ సంగతి తరువాత చెబుతాము.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఇంట్లో ఒక కంప్యూటరు నుండి మరొకదానికి ఫైలు వెళ్లడానికి ఇంటర్నెట్ అవసరం లేదు. ఆపరేటరు లైను ఆ రోజు పనిచేయకపోయినా ఫైలు వెళుతుంది. నెలవారీ డేటాలో ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు. రౌటరు ఇక్కడ వాడకట్టు నడుమ ఉండే నాలుగుబాటల కూడలి వంటిది. పక్క ఇంటికి వెళ్లడానికి ఊరి పొలిమేర దాటవలసిన పని లేదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నామంటే, మాకు వచ్చే లేఖల్లో సగం మంది "నెట్ బాగానే వస్తున్నది, అయినా ఫోల్డరు రావడం లేదు" అని రాస్తారు. నెట్ రావడం వేరు, రెండు యంత్రాలు ఒకదానినొకటి చూడగలగడం వేరు. మొదటిది బాగుందంటే రెండవది కూడా బాగున్నట్లు కాదు.

సోదరి లేఖలో అసలు ఆధారం ఆమె "విచిత్రమేమంటే" అన్న చోటే ఉన్నది. పైనుండి కిందికి దారి ఉన్నది, కిందినుండి పైకి లేదు. ఇలా ఒకవైపే దారి ఉన్నదంటే మాకు వెంటనే తోచేది ఒకటే: ఆ ఇంట్లో రౌటర్లు రెండు ఉన్నాయి.

మేము ఆమెకు ఫోన్ చేసి రెండు కంప్యూటర్లలోనూ సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ విభాగంలో ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఐపీవీ4 అడ్రస్ అన్న చోట ఉన్న అంకెలను ఫొటో తీసి పంపమన్నాము. కింది కంప్యూటరుది 192.168.1తో మొదలయింది. పైదానిది 192.168.0తో మొదలయింది. మన ఇళ్లలోని సాధారణ ఏర్పాటులో ఈ చిరునామాలోని మొదటి మూడు సంఖ్యలు వాడ పేరు, చివరి సంఖ్య ఇంటి నంబరు. అంటే ఒకే కప్పు కింద ఉన్న ఆ రెండు యంత్రాలూ రెండు వేర్వేరు వాడల్లో కాపురం ఉంటున్నాయి.

ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఫైబరు లైను ఇచ్చినవారు కింద ఒక పెట్టె పెట్టారు. దానిలోనే వైఫై కూడా ఉంటుంది, అది స్వయంగా ఒక రౌటరు. మందపు గోడలు, స్లాబు దాటి సిగ్నలు పైకి అందలేదు. బజారు నుండి మరొక రౌటరు తెచ్చి, కింది పెట్టె నుండి తీగ లాగి, దానిని కొత్త రౌటరులో వ్యాన్ అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టారు. పిల్లవాడు సౌకర్యం కోసం రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టాడు. ఫోన్లకు నెట్ చక్కగా వచ్చింది. అందరూ సంతోషించారు. అయితే వ్యాన్ రంధ్రంలో తీగ పెట్టగానే పై రౌటరు తనకంటూ ఒక వాడ కట్టుకుంది. దాని లోపలివారు బయటికి వెళ్లగలరు. బయటివారు మాత్రం, పిలవనిదే, లోపలికి రాలేరు. అందుకే పైనుండి కిందికి దారి ఉండి, కిందినుండి పైకి లేకపోయింది. ఫైర్‌వాల్ తీసివేసినా ఈ చిక్కు తీరేది కాదు.

దీనికి మందు సులభం. పై రౌటరు సెట్టింగులలోకి వెళ్లి దానిని యాక్సెస్ పాయింట్ పద్ధతిలోకి మార్చాలి. అప్పుడది వాడ కట్టడం మానుకుని కింది వాడకే పొడిగింపుగా ఉండిపోతుంది. ఆ అవకాశం లేని పాత రౌటర్లలో, చిరునామాలు పంచిపెట్టే డీహెచ్‌సీపీ అనే పనిని దానిలో ఆపివేసి, దాని సొంత చిరునామాను కింది వాడలో ఎవరూ వాడని సంఖ్యకు మార్చి, తీగను వ్యాన్ రంధ్రం నుండి తీసి ల్యాన్ రంధ్రంలో పెట్టాలి. ఈ క్రమం తప్పరాదు. ముందే తీగ మార్చితే ఇద్దరు పంపిణీదారులు ఒకే వాడలో కొట్లాడుకుంటారు, ఇంట్లో ఫోన్లన్నీ నెట్ లేక మొత్తుకుంటాయి. సోదరి కుమారుడు అరగంటలో పని ముగించాడు.

వాడ ఒకటే అయినా దారి దొరకని సందర్భం మరొకటి ఉన్నది. వచ్చిన చుట్టాల కోసమని చాలా రౌటర్లలో గెస్ట్ వైఫై అనే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. దానిలో చేరినవారికి నెట్ వస్తుంది గాని, ఇంట్లోని ఇతర యంత్రాలు కనబడవు. అది లోపం కాదు, అందుకోసమే దానిని పెట్టారు. కంప్యూటరు పొరపాటున అందులో చేరి ఉన్నదేమో చూసుకోవాలి.

నల్లగొండ సోదరి పని అంతటితో పూర్తి కాలేదు. చిరునామాలు ఒకే వాడలోకి వచ్చినా ఫోల్డరు తెరుచుకోలేదు. ఇక్కడ రెండవ అడ్డు. విండోస్ ప్రతి నెట్‌వర్కునూ పబ్లిక్ అనో ప్రైవేట్ అనో ఎంచుకుంటుంది. బస్టాండులోని వైఫైలో చేరినప్పుడు మన కంప్యూటరు ఎవరికీ కనబడకుండా ఉండడం మంచిది. అది పబ్లిక్. ఇంట్లో ప్రైవేట్ ఉండాలి. రౌటరు మారినప్పుడు లేదా దాని ఏర్పాటు మారినప్పుడు విండోస్ దానిని కొత్త నెట్‌వర్కుగా భావించి తిరిగి పబ్లిక్‌లో పెట్టడం మామూలే. ఫైర్‌వాల్ తీసివేయమనే సలహా పుట్టేది ఇక్కడే. తీసివేస్తే ఫోల్డరు తెరుచుకుంటుంది, నిజమే. అయితే ప్రైవేట్ అని ఒక్క ముక్క మార్చి, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేస్తే, అదే ఫైర్‌వాల్ తన ఇంటివారికి మాత్రం దారి ఇచ్చి బయటివారిని ఆపుతుంది. కావలివాడిని పనిలోనుండి తీసివేయడం ఎందుకు, ఇంటివాళ్లెవరో అతనికి చెబితే సరిపోయే చోట?

అప్పటికీ నెట్‌వర్క్ అన్న గుర్తుపై నొక్కితే పై కంప్యూటరు పేరు కనబడలేదు. సోదరి నిరాశపడ్డారు. నిజానికి ఆ జాబితాలో పేరు కనబడకపోవడం పెద్ద విషయం కాదు. ఆ జాబితాను నమ్మి గంటలు వృథా చేసుకున్నవారిని మేము చాలామందిని చూశాము. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైభాగంలోని చిరునామా పట్టీలో రెండు బ్యాక్‌స్లాష్‌లు వేసి, వెంటనే పై కంప్యూటరు ఐపీ చిరునామా రాసి ఎంటర్ నొక్కాలి. పేరు అడగకుండా ఇంటి నంబరుతో నేరుగా వెళ్లడమన్నమాట. అలా వెళ్లగానే పాస్‌వర్డు అడిగింది. పాస్‌వర్డు అడిగిందంటే దారి బాగున్నట్లే, ఇక మిగిలింది గడప దగ్గరి సంభాషణ మాత్రమే.

మామగారు రోజూ కంప్యూటరులోకి వెళ్లే నాలుగంకెల పిన్ కొట్టారు. తప్పు అన్నది. మళ్లీ కొట్టారు. మళ్లీ తప్పు. ఇక్కడ పెద్దలు చాలామంది తమ జ్ఞాపకశక్తినే అనుమానిస్తారు. వారి తప్పేమీ లేదు. పిన్ అనేది ఆ యంత్రం ముందు కూర్చున్నప్పుడే చెల్లుతుంది. నెట్‌వర్కు మీదుగా వచ్చినప్పుడు అసలు పాస్‌వర్డు కావాలి. అసలు పాస్‌వర్డే పెట్టుకోని ఖాతాతో కూడా నెట్‌వర్కు మీదుగా లోపలికి రానివ్వదు. మేము సూచించే పద్ధతి ఇది: ఫోల్డరు ఉన్న కంప్యూటరులో పంచుకోవడం కోసమే ఒక చిన్న లోకల్ ఖాతా తెరవండి. దానికి ఒక మంచి పాస్‌వర్డు పెట్టండి. ఏ ఫోల్డరు పంచుకోవాలో ఆ ఒక్కదానికే ఆ ఖాతాను చేర్చండి. భూమి కాగితాల వంటి వాటికి చదివే అధికారం మాత్రమే ఇవ్వండి, రాసే అధికారం వద్దు. పిల్లలు పొరపాటున కూడా చెరపలేరు. మరొక చిన్న సంగతి: ఫోల్డరుకు తాళాలు రెండు ఉంటాయి. షేరింగ్ అన్న చోట ఒకటి, సెక్యూరిటీ అన్న చోట ఒకటి. రెండింటిలోనూ అనుమతి ఉంటేనే తెరుచుకుంటుంది. ఒకదానిలో ఇచ్చి రెండవది మరచిపోవడం వలన ఆగిపోయినవి చాలా ఉన్నాయి. అంతకు ముందు తప్పు పాస్‌వర్డు ఎప్పుడైనా గుర్తుపెట్టించి ఉంటే, కింది కంప్యూటరు దానినే పదే పదే చూపుతూ ఉంటుంది. క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ పాతదానిని తీసివేయాలి.

ఇక మా ఇంటి సంగతి. మేము మహబూబ్‌నగర్‌లో ఉంటాము. మా రౌటరుకు వెనుకవైపు యూఎస్‌బీ రంధ్రం ఉన్నది. దానికి ఒక హార్డ్‌డిస్కు తగిలించి, ఇంటిలోని అన్ని ఫొటోలూ, మా అబ్బాజాన్ కడపటి రెండేళ్లలో మేము ఫోనులో పట్టుకున్న ఆయన మాటలూ అందులోనే పెట్టాము. పాలమూరు కరువు రోజుల్లో తమ తండ్రి బొంబాయికి పనికి వెళ్లిన సంగతి, ఇంట్లో మొదటిసారి రేడియో మోగిన సంగతి, ఇలాంటివన్నీ ఆయన గొంతులో ఉన్నాయి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు పిల్లలమర్రి ఊడల మధ్య తీసిన ఫొటోలు కూడా అందులోనే. ఆ మర్రికి చెదలు పట్టగా 2018లో రోగికి ఎక్కించినట్లు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు, పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ ఫొటోలు దానికి ముందటివి.

పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 7 ఉండేది. డిస్కు దానిలో ఎప్పుడూ తెరుచుకునేది. కొత్త డెస్క్‌టాప్ తెచ్చిన రోజు తెరుచుకోలేదు. మేము మెకానిక్‌ను పిలిచాము. ఆయన పది నిమిషాల్లో తెరిచి చూపించారు. అబ్బాజాన్ గొంతు వినబడగానే మా అమ్మీ కళ్లు తుడుచుకున్నారు. మేము మెకానిక్‌కు డబ్బులిచ్చి, చాయ్ తాగించి పంపాము. ఆయన ఏమి చేశారో అడగలేదు. మూడు వారాల తరువాత మరేదో పని మీద సెట్టింగులు చూస్తుంటే తెలిసింది: ఫైర్‌వాల్ పూర్తిగా ఆపి ఉన్నది. విండోస్ ఫీచర్స్ జాబితాలో ఎస్ఎంబీ 1.0 అన్న చోట అన్ని గుర్తులూ పెట్టి ఉన్నాయి. తప్పు ఆయనది ఎంతో, అడగని మాది అంతకంటే ఎక్కువ.

ఎస్ఎంబీ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాము. ఒక కంప్యూటరు మరొకదానిని ఫైలు అడిగేటప్పుడు మాట్లాడే భాష అది. 1980లలో ఐబీఎం సంస్థలో పుట్టింది, తరువాత మైక్రోసాఫ్ట్ దానిని పెంచింది. విండోస్ కాని యంత్రాలకు ఆ భాష నేర్పినది ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల ఆరంభంలో మొదలుపెట్టిన సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేరు. మనం పప్పుతో చేసుకునే సాంబారుకూ దానికీ సంబంధం లేదు. ఎస్, ఎం, బీ అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువులో వెతికితే అది దొరికిందట. యూఎస్‌బీ రంధ్రం ఉన్న ఇంటి రౌటర్లలో చాలావాటి లోపల ఫైళ్లు పంచేది ఈ సాంబాయే. చిక్కేమిటంటే చవక రౌటర్లు ఎన్నో సంవత్సరాలు పాత సాంబాతోనే, ఎస్ఎంబీ భాషలోని మొదటి తరాన్ని మాత్రమే మాట్లాడుతూ ఉండిపోయాయి.

ఆ మొదటి తరం ఎందుకు ప్రమాదకరమో 2017 మే నెల 12న లోకానికంతటికీ తెలిసింది. వనాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఆ రోజు బయలుదేరి, కొద్ది రోజుల్లోనే 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది. ఫైళ్లన్నింటినీ గూఢలిపిలోకి మార్చి, తిరిగి ఇవ్వాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఇవ్వమని తెర మీద రాసింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చింది. మన పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు విభాగాలలోని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వ్యాపించడానికి ఎవరూ ఏ లింకూ నొక్కవలసిన పని లేకపోయింది. ఎస్ఎంబీ మొదటి తరంలో ఉన్న ఒక లోపం ద్వారా ఒక యంత్రం నుండి పక్క యంత్రానికి అదే పాకింది. మనం ఇంట్లో ఫోల్డరు పంచుకునే దారే అది.

బాధాకరమైన విషయమేమంటే, ఆ లోపానికి మరమ్మతును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసి ఉన్నది. వేసుకోనివారు నష్టపోయారు. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి, కొత్తగా స్థాపించే కంప్యూటర్లలో ఆ పాత భాషను తొలగించడం ప్రారంభించారు. మా కొత్త కంప్యూటరు రౌటరును పలకరించకపోవడానికి కారణం అదే. అది చెడిపోలేదు, నిరాకరించింది. తెర మీద స్పష్టంగానే రాసి ఉన్నది, ఈ ఫోల్డరుకు పాత ఎస్ఎంబీ1 కావాలని, అది సురక్షితం కాదని. మేము చదవలేదు. ఆంగ్లంలో వచ్చే హెచ్చరికను చదవకుండా ఓకే నొక్కడం మనందరికీ అలవాటే కదా.

ఎస్ఎంబీ1 లేకపోయినా ఇటీవలి కంప్యూటర్లు రౌటరు డిస్కును నిరాకరించడానికి మరొక కారణం ఉన్నది. చాలా రౌటర్లు పాస్‌వర్డు లేకుండా, ఎవరు వచ్చినా అతిథిగా లోపలికి రానిచ్చే పద్ధతిలో డిస్కును పంచుతాయి. 2024లో వచ్చిన విండోస్ 11 యొక్క 24హెచ్2 కూర్పు ప్రో రకంలో అలాంటి అతిథి ప్రవేశాన్ని ఆపివేశారు. నిన్నటివరకు తెరుచుకున్న డిస్కు అప్‌డేట్ తరువాత తెరుచుకోలేదంటే మొదట అనుమానించవలసింది దీనినే. రౌటరు సెట్టింగులలో యూఎస్‌బీ షేరింగ్ దగ్గర పేరు, పాస్‌వర్డు పెట్టే అవకాశం ఉంటే పెట్టండి, సరిపోతుంది.

మా రౌటరుకు ఆ తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చారేమో వెతికాము. లేదు. ఎస్ఎంబీ రెండవ తరాన్ని ఎంచుకునే చోటు ఉన్నదేమో చూశాము. అదీ లేదు. ఈ రెండూ చూడకుండా రౌటరును పారవేయవద్దని మా సలహా, ఎందుకంటే కొన్నింటిలో దొరుకుతుంది. దొరకనప్పుడు చేయవలసినది మేము చేసినదే: డిస్కును రౌటరు నుండి విప్పి కొత్త డెస్క్‌టాప్‌కు తగిలించాము. ఆ డెస్క్‌టాప్ నుండి ఫోల్డరును, పైన చెప్పిన ప్రత్యేక ఖాతాతో, పంచాము. మెకానిక్ పెట్టిన గుర్తులన్నీ తీసివేశాము. ఫైర్‌వాల్ తిరిగి పెట్టాము. వెనుక గదిలోని పాత విండోస్ 7 యంత్రం కూడా ఆ ఫోల్డరును తెరిచింది, ఎందుకంటే అది రెండవ తరం భాష మాట్లాడగలదు. అయితే విండోస్ 7కు మరమ్మతులు రావడం 2020 జనవరి 14తో ఆగిపోయింది గనుక దానికి నెట్ కోసేశాము. విండోస్ 10కి కూడా ఉచిత మరమ్మతుల సాధారణ గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ యంత్రాలు ఉన్నవారు ఈ విషయం మనసులో ఉంచుకోవాలి.

రౌటరు నుండి డెస్క్‌టాప్‌కు మార్చడం వలన ఒక నష్టం ఉన్నది, దాచము. రౌటరు రాత్రింబవళ్లు వెలుగుతూ ఉంటుంది. డెస్క్‌టాప్ ఆపితే ఫోల్డరు కూడా మాయమవుతుంది. నిద్రాస్థితిలోకి జారినా అంతే. మేము పగటిపూట నిద్రపోకుండా పెట్టాము, రాత్రి ఆపివేస్తాము. రాత్రి రెండు గంటలకు పెళ్లి ఫొటోలు చూడవలసిన అవసరం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఒక వారం బాగా నడిచి, ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చాక ఫోల్డరు మళ్లీ కనబడలేదు. ఇది మన జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ జరిగేదే. కరెంటు తిరిగి రాగానే రౌటరు, ఫోన్లు, టీవీ, కంప్యూటర్లు అన్నీ ఒకేసారి లేచి చిరునామాల కోసం వరుస కడతాయి. నిన్న 5వ నంబరు ఇంట్లో ఉన్న కంప్యూటరు ఈరోజు 9లో దిగవచ్చు. మనం తెర మీద పెట్టుకున్న షార్ట్‌కట్ మాత్రం ఇంకా 5 తలుపే తడుతూ ఉంటుంది. రౌటరులో అడ్రస్ రిజర్వేషన్ అన్న చోట ఆ కంప్యూటరుకు ఒక నంబరును శాశ్వతంగా కేటాయిస్తే ఈ బాధ ఉండదు. "నిన్న వచ్చింది, ఈరోజు రావడం లేదు" అనే ఫిర్యాదులో మొదట చూడవలసినది ఇదే.

వేగం గురించి కూడా ఒక మాట. గోడ వెంట లాగిన తీగలో ఎనిమిది సన్నని తీగలు ఉంటాయి. కొందరు పనివారు నాలుగింటిని మాత్రమే కొక్కిలో బిగించి వెళతారు. నెట్‌కు అది చాలు గనుక ఎవరికీ తెలియదు. నాలుగింటితో 100 ఎంబీపీఎస్ దాటదు, అంటే సెకనుకు గరిష్ఠంగా సుమారు 12 మెగాబైట్లు. ఎనిమిదీ బిగించి, రౌటరు కూడా గిగాబిట్ రకం అయితే దానికి దాదాపు పదింతలు. నాలుగు గిగాబైట్లకు మించిన పెళ్లి వీడియో ఎంతకూ ఎక్కకపోతే మాత్రం తప్పు తీగది కాదు. ఆ డిస్కు ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉండి ఉంటుంది, ఆ పద్ధతిలో ఒక్క ఫైలు అంతకు మించి పెద్దదిగా ఉండడానికి వీలు లేదు.

మిర్యాలగూడ నుండి ఒక సోదరుడి ప్రశ్న కూడా ఇక్కడికే చెందుతుంది. ఆయన ఇంటి ముందు గదిలో పెళ్లి కార్డులు కూర్చే పని చేస్తారు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగు, ఇన్‌పేజ్‌లో ఉర్దూ. అవన్నీ విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత యంత్రంలోనే సజావుగా నడుస్తాయి. ఆయన కొత్త కంప్యూటరు ఆ యంత్రాన్ని చూడడం లేదు. ఎస్ఎంబీ1 పెట్టుకోవచ్చునా అని అడిగారు. సోదరా, ఎక్స్‌పీకి ఆ ఒక్క భాషే తెలుసు, మరొకటి నేర్పలేము. దానికి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయాయి. వనాక్రై వచ్చినప్పుడు మాత్రం ప్రత్యేకంగా ఒకటి ఇచ్చారు. మీ జీవనాధారం ఆ యంత్రం. దానిని నెట్‌వర్కు నుండి తప్పించి, తీగ విప్పి ఒంటరిగా ఉంచండి. కార్డుల ఫైళ్లు పెన్‌డ్రైవులోనే అటూ ఇటూ మార్చుకోండి, కొత్త కంప్యూటరులో ఆ పెన్‌డ్రైవును యాంటీవైరస్‌తో పరీక్షించాకే తెరవండి. పెన్‌డ్రైవు అవమానమేమీ కాదు. నల్లగొండ సోదరికి మెట్లు తప్పించాలని ఇంత రాసిన మేమే మీకు పెన్‌డ్రైవు చెబుతున్నామంటే, రెండు ఇళ్ల అవసరాలు వేరు గనుక.

ఊళ్లలోకి కూడా ఈ ప్రశ్నలు త్వరలోనే వస్తాయి. మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంట వేసిన ఫైబరు ద్వారా ఇళ్లకు నెట్ ఇచ్చే టీ-ఫైబర్‌ను 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ప్రారంభించినప్పుడు, ఎంచుకున్న చోట్లలో మన పాత పాలమూరు జిల్లాకు చెందిన నారాయణపేట మద్దూరు కూడా ఉన్నది. ఇంటింటికీ పెట్టె వచ్చాక రెండవ రౌటరు, రెండవ వాడ, పైనుండి కిందికి మాత్రమే ఉన్న దారి అక్కడా తప్పవు.

చివరగా నల్లగొండ సోదరి లేఖలో అడగని విషయం ఒకటి మేమే ఎత్తాము. మామగారి కాగితాలు ఇప్పుడు రెండు కంప్యూటర్ల నుండి కనబడుతున్నాయి. చూడడానికి రెండు చోట్ల ఉన్నట్లు ఉంటుంది గాని, ఉన్నది ఒక్కచోటే, పైఅంతస్తులోని ఒక్క డిస్కులోనే. ఆ డిస్కు ఆగిన రోజు రెండు తెరల మీదా ఒకేసారి మాయమవుతాయి. రాసే అధికారంతో పంచిన ఫోల్డరైతే వనాక్రై వంటి ప్రోగ్రాము ఆ పంచిన దారి వెంటే వచ్చి దానిని కూడా చెరపగలదు. వేరొక డిస్కులోకి ఒక నకలు తీసి, డిస్కును విప్పి, అల్మారాలో పెట్టమన్నాము. మూడు నెలలకొకసారి నకలు పునరుద్ధరించాలి. మేము అబ్బాజాన్ మాటలున్న ఫోల్డరును అలా తీసి రెండు డిస్కులలో పెట్టాము, ఒకటి మా ఇంట్లో, మరొకటి జడ్చర్లలో మా ఆపా ఇంట్లో.

సోదరి పోయిన వారం ఫోన్ చేశారు. మామగారు కింది గదిలో మనవడి పక్కన కూర్చుని, 1970ల నాటి పహాణీలో తన తండ్రి పేరు ఎక్కడ ఉన్నదో చూపిస్తున్నారట. మనవడికి ఆ పాత ఉర్దూ చేతిరాత చదవడం రావడం లేదట. దానికి మా దగ్గర సెట్టింగు ఏదీ లేదని చెప్పాము.